గోర్స్ పొదల్లో దొరికిన గునుగు పువ్వు

ఆ రోజుల్లో నాకు పూర్తిగా నచ్చేది ఒక్క నా అభిప్రాయమే. మిగతా లోకమంతా నాకు చులకన. న్యూజిలాండ్ వచ్చి రెండేళ్లు కూడా కాలేదు, ఆల్బనీలో చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాను, ఉంటున్న ఫ్లాట్ నెలాఖరుకి ఖాళీ చేయాలి. అయినా సరే, ఇక్కడి మనవాళ్ల బతుకమ్మలు చూస్తే నాకు నవ్వాగేది కాదు. సూపర్‌మార్కెట్ బకెట్లోంచి తీసిన చామంతులు, మధ్యలో రంగుకాగితాలు (ఒక ఆంటీ ప్లాస్టిక్ పువ్వులు కడిగి దాచుకుని ఏటేటా వాడేది). "ఇవి బతుకమ్మలా, బర్త్‌డే కేకులా?" అని అందరికీ వినపడేలా అన్నాను. వినపడకూడనిది ఒక్క మడతకుర్చీ ఆంటీకే. ఎక్కడికి వెళ్లినా చంకలో ఒక మడతకుర్చీతో వచ్చే ఈ వరంగల్ ఆవిడ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఆ గది దొరక్కపోతే నాకు వేరే దిక్కు లేదు. ఆవిడ విననే విన్నది. "అట్లనా బిడ్డా? అయితే ఈసారి నువ్వే పేర్చుకొని రా. గది ముచ్చట ఆన్నే మాట్లాడుకుందాం" అంది.

ఆ ఏడు ఆట ఉత్తరాన, కై ఈవి సరస్సుల ఒడ్డున పెట్టుకున్నారు (నీళ్లలో ఏదీ వదలకూడదని అక్కడి నియమం, కాబట్టి బతుకమ్మకి సరస్సును చూపించి మళ్లీ ఇంటికి తెచ్చుకోవడమే). నేనూ, నా ఫ్లాట్‌మేట్ ఒంగోలు పిల్లా పొద్దున్నే కారులో బయల్దేరాం. దారి పొడవునా గోర్స్ అనే ముళ్లపొదలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. అచ్చం తంగేడే. ఆ పొదల కొనల మీద తెల్లటి దూదిపింజల్లాంటివి కూడా కనిపించాయి. బతుకమ్మలో తెల్లటి వరుసకి గునుగు పువ్వు లేదే అని దిగులుపడుతున్న నాకు అమ్మవారే పంపినట్టనిపించింది. చేతులు గీరుకుపోతున్నా లెక్కచేయకుండా కొమ్మలతో సహా కోశాను. "అవి పువ్వుల్లా లేవే, బూజులా ఉన్నాయి" అని ఒంగోలు పిల్ల గొణిగింది. బతుకమ్మ గురించి ఒంగోలు వాళ్లు నాకు చెప్పడమా అనుకున్నాను. సరస్సు దగ్గర ఒక బోర్డు కూడా ఉంది. ఈ ప్రాంతంలో సాలీళ్లు పెద్దవనీ, విరివిగా కనిపిస్తాయనీ, పొదల మీద పిల్లల కోసం తెల్లటి గూళ్లు అల్లుతాయనీ దాని మీద రాసి ఉంది. పాములే లేని దేశం, గొప్ప చెప్పుకోవడానికి సాలీడైనా ఉండాలిగా అని మొదటి వాక్యం దగ్గరే చదవడం ఆపేశాను.

నా బతుకమ్మ అందరి వాటికన్నా ఎత్తుగా నిలబడింది. పచ్చటి వరుస, తెల్లటి వరుస, పైన పసుపు గౌరమ్మ. "గునుగు యాడ దొరికింది బిడ్డా?" అని ఆంటీలు చుట్టూ మూగితే, వెతికే ఓపిక ఉండాలని సెలవిచ్చాను. మడతకుర్చీ ఆంటీ పాట ఎత్తుకుంది, అందరం చప్పట్లు కొడుతూ తిరగసాగాం. ఎండ వేడెక్కింది. తెల్లటి వరుసలు కొద్దికొద్దిగా విడివడి, ఆవాల్లాంటివి ఏవో పళ్లెం మీదికీ, పక్కనున్న బతుకమ్మల మీదికీ జారడం మొదలైంది. ఆవాలకి నడక రాదు కదా అని నేను ఆలోచించుకునేలోపే ఒంగోలు పిల్ల మెల్లగా అంది: "ఏమే, నీ గౌరమ్మకి కాళ్లొచ్చాయేంటే?"

పసుపు ముద్ద మీద తల్లి సాలీడు కూర్చుని ఉంది, కాళ్లతో కలిపి నా అరచేతిలో సగం ఉంటుంది. ఆ తర్వాత పట్టుచీరలు ఎటు పరిగెత్తాయో నాకు తెలియదు, ఎందుకంటే అందరికన్నా ముందు కారెక్కి అద్దాలు ఎత్తుకున్నది నేనే. గాలం వేసుకుని కూర్చున్న కివీ పెద్దాయన ఒకరు తల తిప్పకుండానే "అది ఏమీ చేయదు" అన్నాడు. ఈ దేశంలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఇదొక్కటే మందు.

అద్దంలోంచి చూస్తే మడతకుర్చీ ఆంటీ ఒక్కతే మిగిలింది. ఒంటరిగా చప్పట్లు కొడుతూ, బతుకమ్మల చుట్టూ తిరుగుతూ పాట చివరిదాకా పాడింది. ఆ తర్వాత నా పళ్లేన్ని రెండు చేతులా ఎత్తి, పొదల దాకా మోసుకుపోయి, పువ్వులన్నీ మెల్లగా అక్కడ ఒంపి వచ్చింది. కారు అద్దం మీద తట్టింది.

"దిగు. పోయింది."

"మీకు భయం కాలేదా ఆంటీ?"

"ఎందుక్కాదు? మస్తయింది. గని నడుమల పాట ఆపుతరా?"

గది పోయినట్టేనని తల వంచుకున్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ నా జడలోంచి ఒక పిల్ల సాలీడుని కొంగుతో దులిపి, "సామాన్లు ఎన్నడు తెచ్చుకుంటవ్?" అని అడిగింది.

పెళ్లయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను. మొన్న మేము ఇప్పుడుంటున్న రోటోటూనాలో ఆడుతున్నప్పుడు, చదువుకోడానికి కొత్తగా వచ్చిన పిల్ల ఒకతి నా బతుకమ్మను పైనుంచి కిందిదాకా చూసి, పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పి కిసుక్కుమంది. నాకు కోపం రాలేదు. ఎన్నాళ్లకో బాగా తెలిసిన మనిషి కనబడినట్టయింది. దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుని, ఉండడానికి చోటు దొరికిందా అని అడిగాను.