బస్సులో నా వంతు పాటలు

మా కంపెనీ బస్సులో ఒక కట్టుబాటు ఉంది. అజ్మాన్ నుంచి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గ్యారేజీకి వచ్చేలోపు, సీట్ల వరుసన రోజుకొకరు తమకిష్టమైన పాటలు పెట్టుకోవచ్చు. నెలన్నర ఎదురుచూశాక ఈ ఉదయం నా వంతు వచ్చింది! ఒక పాత బ్రిటిష్ రాక్ బ్యాండువి బాగా పేరున్న పాటలన్నీ పెట్టాను. పనివాళ్ల పిల్లలు కట్టిన పాటలివి, మనం వినకపోతే ఇంకెవరు వింటారని లేచి నిలబడి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"ఏందబ్బయా, డ్యూటీకి ముందే ఈ రేకుల మోత!" అన్నాడు వెనక సీటులోని మస్తాన్ భాయ్. నెల్లూరాయన, కార్ల సొట్టలు సరిచేసే డెంటింగ్ పని. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

అన్నిటికంటే పేరున్న పాటను చివరికి ఉంచాను. అది సగంలో ఉండగానే గ్యారేజీ గేటు వచ్చేసింది.

"ఖలాస్, దిగుర్రి" అంటూ డ్రైవర్ మల్లన్న స్పీకర్ మీద చెయ్యి వేశాడు. నా వంతు మధ్యలో ఆపే హక్కు నీకెక్కడిదని నేను అరవబోతుంటే వెనక నుంచి మస్తాన్ భాయ్ గొంతు లేచింది.

"ఉండు మల్లన్నా! ఆ డ్రమ్ము కొట్టేవోడు చెయ్యి యాడ ఆపతాడో చూడాల."

ఆయన రెండు చేతులతో నా సీటు మీద దరువేస్తున్నాడు! గేటు దగ్గర ముదీర్, అంటే మా మేనేజర్, వాచీ చూపిస్తున్నా, పాట అయ్యేదాకా ఒక్కరూ దిగలేదు.

దిగేటప్పుడు మస్తాన్ భాయ్ అన్నాడు: "రేపు నా వంతే గదా, ఇయ్యే పెట్టు. ఉపన్యాసం మాత్రం వొద్దు."

మీరే చెప్పండి, మానెయ్యాలా? నేనైతే కొంచెం తగ్గించి ఇద్దామనుకుంటున్నాను.