మూడు రోజుల ఎండ

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం. "శాంపిల్ ఆఫీసు దాటి వెళ్లలేదు." అంతే. రాసింది నేను, కింద సంతకం పెట్టింది నేను. ఎవరూ నన్ను అనుమానించలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పుకోవడం కాస్త సులువు. మధ్యలో నన్ను ఓదార్చకండి. ఓదారిస్తే మీతోనూ వాదనకు దిగుతాను. నా సంగతి నాకు తెలుసు.

సిడ్నీలో ఒక చిన్న కంపెనీ మాది. వయసు మళ్లినవాళ్ల కోసం పెద్ద అక్షరాల ఫోన్లు అమ్ముతాం. పేరు మాది, తయారీ చైనాలో, షెన్‌జెన్‌లో. అక్కడి ఫ్యాక్టరీలు పంపే శాంపిళ్లను పరీక్షించి, ఏది పనికొస్తుందో రాసివ్వడం నా ఉద్యోగం. ఆ ఏడాది చివరికి రెండు ఫ్యాక్టరీలు మిగిలాయి. ఒకటి చాలా పెద్దది. మా ఆర్డరు రాకపోయినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. రెండోది లిన్ అనే ఆవిడ నడిపేది. ఒకే ఒక్క అసెంబ్లీ లైను. నెలకో కొత్త మోడలు దింపే పెద్ద ఫ్యాక్టరీల ముందు నిలవలేక అప్పటికే ఆవిడ చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మా ఆర్డరు వస్తేనే తన లైను నడుస్తుందని లిన్ ఏమీ దాచుకోకుండా చెప్పింది.

లిన్ ఫోనే బాగుంది. ఎంత బాగుందంటే, ఇంటికి తీసుకుపోయాను.

శాంపిల్ ఆఫీసు దాటకూడదన్న నియమం రాసింది నేనే. అంతకు ముందు నెలలోనే, ఆ నియమం తప్పినందుకు నా ఎదురు టేబుల్ అమ్మాయిని అందరి ముందూ కడిగేశాను. నేనుండే స్కోఫీల్డ్స్‌లో సిగ్నల్ ఎలా ఉందో చూడ్డానికే తీసుకెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ముచ్చటపడ్డాను. కారు అద్దానికున్న స్టాండులో పెట్టి, అందులో దారి చూసుకుంటూ ఇంటికొచ్చి, అక్కడే మరిచిపోయాను. జనవరి నెల, ఇక్కడ నడి వేసవి. మూడు రోజుల సెలవులు. మావారి కారులో టూవూంబాలో మా చెల్లెలింటికి వెళ్లిపోయాం. నా కారు ఇంటి ముందు ఎండలో నిలబడి ఉంది.

తిరిగొచ్చేసరికి బ్యాటరీ పూరీలా పొంగి, ఫోన్ వెనక మూత లేచిపోయింది.

మావారు చూశారు. "ఎండకి ఉబ్బిపోయిందే! ఆఫీసులో సారీ చెప్పెయ్, ఇంకో పీస్ పంపిస్తారుగా."

"మీకు తెలీదు. ఊరుకోండి."

ఆయన ఊరుకున్నారు. ఇప్పటికీ ఊరుకునే ఉన్నారు. ఈ ఒక్కదానికైనా ఆయన ఊరుకోకుండా ఉంటే... చూశారా, ఆయన మీదకి నెట్టబోతున్నాను. అలవాటు.

చెప్పెయ్యొచ్చు. ఒక్క పూట తల దించుకుంటే సరిపోయేది. కానీ ఆ ఎదురు టేబుల్ ముందా? బ్యాటరీ లోపమని, శాంపిల్ ఆఫీసు దాటి వెళ్లలేదని రిపోర్టు రాశాను. మర్నాడే లిన్ వీడియో కాల్ చేసింది. మా మేనేజరు నా పక్కనే ఉన్నాడు.

"మేడమ్, ఒక్క విషయం. ఫోన్ ఎండలో గానీ, కారులో గానీ ఉందా?"

కారు అనగానే నాకు ఒళ్లు మండింది. "నాకు బ్యాటరీల పాఠం చెబుతున్నావా, లిన్?"

"అయ్యో, కాదు మేడమ్. ఈ బ్యాటరీ మా దగ్గర ఎప్పుడూ ఉబ్బలేదు. అందుకని."

"అందరూ అదే అంటారు. నీ బ్యాటరీ వాపుని మా సిడ్నీ ఎండ మీదకి నెట్టకు."

మేనేజరు పకపకా నవ్వాడు. లిన్ కూడా నవ్వింది, మర్యాదకి. ఫోన్ వెనక్కి పంపితే విప్పి చూస్తామంది. ఉబ్బిన బ్యాటరీని విమానం ఎక్కించనివ్వరని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఫొటోలు పంపాను.

ఆర్డరు పెద్ద ఫ్యాక్టరీకి పోయింది. ఆరు నెలలకి లిన్ లైను మూతపడింది. పోటీ అలాంటిది, అన్నారు అందరూ. అందరికన్నా గట్టిగా నేనే అన్నాను. మా ఆర్డరు వచ్చినా ఏడాదికి మించి నిలిచేది కాదని నాలో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో. నిజమే కావచ్చు. అయితే? పడబోతున్న మనిషిని తోస్తే అది తోయడం కాదా?

పోయిన నెల ఆ పెద్ద ఫ్యాక్టరీతో కాల్. నాణ్యత చూడ్డానికి కొత్తగా చేరిన మనిషని ఒకావిడని పరిచయం చేశారు. లిన్. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి సంతోషించింది కూడా.

"జాగ్రత్త అంటే ఏమిటో మీ దగ్గరే నేర్చుకున్నాను మేడమ్. ఆ బ్యాటరీలు సరిచూసిన చెన్‌ని ఆ వారమే పని మాన్పించేశాను. ఎన్నో ఏళ్లు నా దగ్గర చేశాడు. తన తప్పేం లేదని ఏడ్చాడు. కానీ తప్పు తప్పే కదా?"

ప్రతి మాటకీ జవాబుంటుందని నాకు పేరు.

"అవును," అన్నాను.

మొదటి అబద్ధం పరువు కోసం ఆడాను. ఈ "అవును" దేనికోసం? ఎంత వెతికినా సాకు దొరకడం లేదు. చెన్ ఇప్పుడెక్కడున్నాడో అడగడానికి కూడా నాకు నోరు రాలేదు.

లిన్‌కి ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు చెరిపేశాను. ప్రతిసారీ రెండో వాక్యానికే నన్ను నేను సమర్థించుకోవడం మొదలెడుతున్నాను. అందుకే ఇవాళ ఒక్క వాక్యంతో ఆపేశాను. పంపేముందు మీకు చూపిస్తున్నాను.

చెన్ సరిచూసిన బ్యాటరీలో ఏ లోపమూ లేదు, దాన్ని మూడు రోజులు ఎండలో వదిలేసింది నేను.

దీని కింద "కానీ" అని రాయాలనిపించడం లేదు. నాకే వింతగా ఉంది.