బోణీకి ముందు వచ్చిన డబ్బా

నా చిన్నప్పుడు మనిషి మా దుకాణం మెట్టు ఎక్కకముందే, కొనే మొహమో బేరమాడి పోయే మొహమో చెప్పేసేదాన్ని. పదేళ్లకే ఆ విద్యలో మా నాన్నను మించిపోయానని బజారంతా చెప్పుకునేవారు. అంటే, నేనే చెప్పుకునేదాన్ని. ఆ విద్యతోనే ఒక పొద్దున ఒక మంచి మనిషిని నలుగురి ముందు తాగుబోతని తేల్చేశాను. అర నిమిషం కూడా పట్టలేదు.

గోదావరిఖనిలో మాది గిన్నెల దుకాణం. అప్పుడే తలుపులు తీశాం. మా తాతయ్య లోపల దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. గనిలో రాత్రి షిఫ్టు దిగిన ఒక కాక నేరుగా వచ్చి, మా దగ్గర కొన్న సత్తు అన్నండబ్బా బల్ల మీద పెట్టాడు. మూత ఆగడం లేదట, మార్చాలట. అప్పటికే రెండుసార్లు మార్చి ఇచ్చాం. ఇంకా బోణీ కూడా కాలేదు. అమ్మకానికి ముందే వాపసు వస్తే దుకాణం పిల్లకు ఒళ్లు మండదా? పైగా ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిలబడ్డచోటే తూలుతున్నాడు.

"మూత మంచిగనే ఉంది కాకా, నువ్వే సక్కగ లేవు. తాగి యాడ పడేసినవో!" అన్నాను. పక్కన చాయ్ తాగుతున్నవాళ్లు పకపకా నవ్వారు. ఆయన డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఒక నష్టం తప్పించానని తాతయ్యకు గొప్పగా చెప్పాను. ఆయన తిట్టలేదు. "నీకెందుకు గట్లనిపించింది బిడ్డా?" అన్నాడు. బోణీ, ఎర్ర కళ్లు, తూలడం, అన్నీ చెప్పాను. అడ్డం రాకుండా చివరిదాకా విన్నాడు.

"మూత ఎట్ల ఊడుతుందో అడిగినవా?"

"లే."

"మరి పా, అడిగొద్దాం."

దానికన్నా ఒక చెంపదెబ్బ నయం. నాన్నను బల్ల దగ్గర కూర్చోబెట్టి, చాయ్ కొట్టులో ఇల్లు కనుక్కొని, కొక్కెం ఉన్న డబ్బా ఒకటి నా చేతికిచ్చి నడిపించాడు. కాక అప్పుడే పండుకున్నాడట. లేపొద్దన్నాడు తాతయ్య. అరుగు మీద కూర్చున్నాం. నాకు కూర్చోవడం చేతనైతే కదా! లేచాను, కూర్చున్నాను, కాళ్లు ఊపాను, డబ్బా కొక్కెం టకటకలాడించాను. లోపల నిద్ర చెడుతుందని కాక భార్య వేలు చూపించింది.

ఆమె మెల్లగా చెప్పింది. "కింద గనిల అన్నండబ్బాలు తీగకు కడతరట. ఎలుకలెక్కి మూత నూకుతే ఊడిపోతదట. మూడు రాత్రులాయె, ఉత్త నీళ్లు తాగి బొగ్గు నింపవట్టి. ఇయ్యాల దుకాణంల ఎవరో పిల్ల తాగుబోతన్నదట. ఈయన చుక్క ముట్టడు. నవ్వుకుంటనే చెప్పిండు గని, పెట్టిన అన్నం ముట్టకుంటనే పండుకున్నడు." అంటూ ఆగి, నా వైపు చూసింది. "ఈ పిల్లేనా?"

తాతయ్య జవాబు నాకే వదిలేశాడు.

"నేనే చిన్నమ్మా," అన్నాను.

మధ్యాహ్నం దాటాక కాక లేచాడు. మూత ఎట్ల ఊడుతుందని అప్పుడు అడిగాను. ఆయన చెయ్యిని ఎలుకగా చేసి, తీగ మీద నడిపించి, చాలాసేపు చెప్పాడు. అడిగేవాళ్లు దొరికినందుకు సంతోషపడ్డట్టే ఉన్నాడు. కొక్కెం డబ్బా ఆయన చేతికిచ్చేదాకా నేను తలెత్తలేదు.

ఇంత జరిగాక బాగుపడ్డానని చెప్తే అది కూడా లేని సరుకు అమ్మడమే అవుతుంది. నా కొడుకు ఒకరోజు బడి నుంచి చీకటిపడ్డాక వస్తే, ఎక్కడ తిరిగావని చెయ్యి చేసుకున్నాను. వాడు తినకుండానే పండుకున్నాడు. సైకిలు పాడైన స్నేహితుడికి తోడుగా నడిచి వచ్చాడని మర్నాడు ఆ పిల్లాడి తల్లి చెప్పింది. ఇప్పుడు మనవరాలు మొహం ముడుచుకొని ఇంటికి వస్తే నాలుక దురదపెడుతుంది. ఆ అరుగు మీద కూర్చున్నట్టే, కాళ్లు ఊపుకుంటూ కూర్చుంటాను. ముందు అడుగుతాను.

నిజంగా లెక్క కడితే ఇదీ. కాక అన్నం ఎలుకలు తిన్నది మూడు పూటలు. నాలుగో పూట నేను తిన్నాను. నా కొడుకు తినకుండా పండుకున్న ఆ రాత్రిది ఒకటి. నా వల్ల వాడు తినని పూటలు ఇంకా ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. వాణ్ణే అడగాలి.