కూలర్ కింది నంబరు

పోయిన ఆదివారం మా అమ్మాయి కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని పిలిస్తే వచ్చిన మెకానిక్ నరేష్, సంచిలోంచి సన్నటి సిరంజి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో బూడిదరంగు పేస్టు. ప్రాసెసర్ వేడి పైకి లాగేందుకు దానికీ, దాన్ని చల్లబరిచే కూలర్‌కీ మధ్య పూసేది. దాన్ని చూడగానే ఉప్పుగూడలో మా పాత ఇల్లు, మామిడికాయ తొక్కు ఘాటు, మా బాపు భుజం మీది తువ్వాల గుర్తొచ్చాయి. అయినా నరేష్ చేతుల మీంచి చూపు తిప్పలేదు. బాపు నాకిచ్చిన ఆస్తి ఆ చూపొక్కటే.

బాపు సర్కారు ఆఫీసులో గుమాస్తా. గుడిమల్కాపూర్ మార్కెట్లో వంకాయల గంప పైవరస ఎప్పుడూ ముట్టేవాడు కాదు, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగున ఉన్నవి లాగి చూసేవాడు. బంతిపూల కుప్పను తిరగేసి, నిన్నటివి కలిపారేమోనని వాసన చూసేవాడు. ఎండాకాలం తొక్కుకోసం అఫ్జల్‌గంజ్ దగ్గర గిర్నీలో కారం పట్టిస్తుంటే, ఇటుకపొడి కలుపుతారేమోనని ఆ ఘాటులోనే నిలబడి, తుమ్ముతూ, కళ్లు కారుతున్నా రెప్ప వెయ్యకుండా కాపలా కాసేవాడు. నేను గౌను అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కనే ఉండేదాన్ని.

"పైన మంచియి పెడ్తరు బిడ్డా, కిందనే ఉంటది అసలు కథ" అనేవాడు.

అలాంటి మనిషి, ఆఫీసులోకి కంప్యూటర్లు వస్తున్నాయని, తనకు రాకపోతే వెనక నవ్వుతారని అనుమానపడి, నా పదేళ్లప్పుడు మా గల్లీ ఖలీల్ చాచాతో ఇంట్లోనే ఒకటి తయారు చేయించాడు. గల్లీ చివర చిన్న దుకాణంలో రేడియోలు, టీవీలు బాగు చేస్తూ చేస్తూ కంప్యూటర్లు నేర్చుకున్నవాడు చాచా. అమ్మ పక్కగదిలో తొక్కు కలుపుతుంటే, ఆయన చాప మీద కూర్చుని బోర్డు మీది చిన్న మీట ఎత్తి, ప్రాసెసర్ మూలనున్న బంగారు గుర్తును సరిచూసుకుని, ఏమాత్రం నొక్కకుండా దాన్ని వదిలాడు.

"జోర్ పెట్టొద్దన్నా, జాగా దొరికితె అదే కూసుంటది."

దాని వీపు మీదున్న నంబరును నేను ఒక్కొక్క అక్షరమే చదువుతుంటే బాపు క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాడు. తర్వాత చాచా సరిగ్గా ఆ నంబరు మీదే తెల్లటి పేస్టు పెసరగింజంత పెట్టి, పైన అల్యూమినియం రెక్కల కూలర్ కూర్చోబెట్టి, క్లిప్పు బిగించి, ఫ్యాను తీగ కలిపాడు. నంబరు కనబడకుండా పోయింది. అప్పటినుంచి బాపుకు అన్నం సయించలేదు.

వారం పాటు కంప్యూటర్ బుద్ధిగా నడిచింది. నేను రంగుల బొమ్మలు గీశాను, బాపు రెండు వేళ్లతో తన పేరు కొట్టుకున్నాడు. ఇంతలో ఆఫీసులో ఎవరో, కొత్తది చూపించి పాతది పెడతారని చెప్పారట. ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీయగానే బాపు నా చేతికి టార్చి ఇచ్చి కూలర్ ఊడదీశాడు. నంబరు దాచడానికే చాచా ఆ సున్నం పూశాడని ఆయన నమ్మకం. తువ్వాలతో, చెంబు తోమినంత శ్రద్ధగా తుడిచేశాడు. నేను చదివాను. ఒక్క అక్షరం తేడా లేదు.

"నంబర్‌దేముంది, అచ్చు గుద్దుతరు" అని గొణిగి, పేస్టు లేకుండానే మళ్లీ బిగించాడు. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

ఆ సాయంత్రం నుంచే కంప్యూటర్ వేడెక్కి పది నిమిషాలకోసారి ఆగిపోసాగింది. దానికీ తన తుడుపుకీ సంబంధం ఉందని బాపుకు తట్టనే లేదు. ఖలీల్ పాత సరుకు అంటగట్టాడని గల్లీ అంతా వినేట్టు లొల్లి చేశాడు. చాచా వచ్చాడు. గుమ్మంలో నలుగురు పోగయ్యారు. ఆయన కూలర్ ఎత్తి, తళతళలాడుతున్న ప్రాసెసర్‌ను చూసి, నా వైపు తిరిగాడు.

"ఎవరన్నా విప్పిండ్రా బేటీ?"

బాపు నా వెనకే ఉన్నాడు. "లేదు చాచా" అన్నాను.

ఆయన తలూపి, మళ్లీ పేస్టు పెట్టి బిగించాడు. ఒక చీటీ మీద ఆ నంబరు రాసి డబ్బాకు బయట అతికించాడు. "ఇగ లోపల సూసే పని లేదన్నా" అని లేచాడు.

ఆ తర్వాత ఆ కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు. అదే చాచా కొంప ముంచింది. "పట్టుబడంగనే అసలుది పెట్టిండు, జూసిన్రా" అని బాపు అంటే గల్లీ నమ్మింది. చెడిపోయిన టీవీలను జనం వేరే చోటికి మోసుకుపోయారు. దసరా నాటికి దుకాణానికి తాళం పడింది. ఏటా రంజాన్ పండక్కి చాచా ఇంటి నుంచి పాలసేమ్యాలో ఖర్జూరాలు, సారపప్పు తేలుతూ వచ్చే షీర్‌ఖుర్మా గిన్నె ఆ ఏడు రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు, తెలిసీ నోరు విప్పలేదు, ఆ సిగ్గు నాకింకా పోలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బాపు ఊరందరినీ అనుమానించాడు గానీ, కూలర్ విప్పిన మా ఇద్దరినీ ఎన్నడూ అనుమానించలేదు.

ఇప్పుడు బాపు లేడు. గిర్నీ ముందు కాపలా కాసేవాళ్లూ లేరు, కారం పొట్లాల్లో వస్తోంది. చాచా దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన ఎటు పోయాడో ఎవర్నడిగినా తెలియదన్నారు.

నరేష్ కూలర్ ఎత్తాడు. ఏ ముక్క మారుస్తాడోనని నేను ఇంకా అతని వేళ్లనే చూస్తున్నాను. ప్రాసెసర్ మీద పేస్టు ఆనవాలే లేదు.

"ఎవరన్నా విప్పిండ్రా మేడం?"

నా నోట "లేదు" అన్న మాట రాబోతుండగా, వెనక నుంచి మా అమ్మాయి అంది: "నేనే విప్పిన అన్నా. మురికనుకోని తుడిచిన."

"గంతేనా, ఫికర్ లేదు" అని నరేష్ సిరంజి మూత తీశాడు.

ఆ రోజు నేను ఆ పాటి మాట అని ఉంటే, ఆ పండక్కి షీర్‌ఖుర్మా గిన్నె మా ఇంటికి వచ్చేది.