దీమం పిట్ట

నా చిన్నప్పుడు నాకొక కముజు పిట్ట ఉండేది. దాన్ని తెచ్చిచ్చింది పక్కింటి మామ. కడప జిల్లాలో గుట్టల కింద మా ఊరు. మామ ఆ గుట్టల్లో పిట్టల వేటకు పోయేవాడు. చుట్టం కాదు, వరసకే మామ. మా ఇంట్లో పెద్దవాళ్లెవరికీ నాతో మాట్లాడే తీరిక ఉండేది కాదు, మామకు ఉండేది. నీ నేస్తం ఎవరే అని అడిగితే బడిలో పిల్లలను వదిలేసి మామనే చూపించేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు.

మామ గుప్పిట్లో దాచి తెచ్చిన ఆ కముజు పిల్ల కోడిపిల్లలో సగం కూడా లేదు. "ఇది నీదే పాపా, సాక్కో" అన్నాడు. చెదలు తవ్వి ఎట్లా పెట్టాలో, పిల్లి నోట పడకుండా గంప కింద ఎట్లా మూయాలో, ఎట్లా ఈల వేస్తే బదులు పలుకుతుందో అన్నీ ఓపిగ్గా నేర్పాడు. పిల్ల పెరిగి పుంజయింది. నేను ఈల వేస్తే చాలు, మెడ నిక్కించి వీధంతా వినబడేలా కూసేది. ఇంకెవరు పిలిచినా ఉలకదు, పలకదు. మామ అది చూసి తెగ సంబరపడేవాడు. ఆ సంబరం నన్ను చూసే అనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

ఎండాకాలం చివర ఒక ఉదయం మామ మా వాకిట్లోకొచ్చాడు. "తొలకరి పడితే పిట్టలు గుడ్లు పెడతాయి, ఇంక గుట్టకు పోగూడదు. ఈ ఏటికి ఇదే ఆఖరు. నువ్వూ రా పాపా, నీ పిట్టకు దాని చుట్టాల్ని సూపిద్దాం" అన్నాడు. గుడ్ల కాలంలో ఉచ్చు ముట్టని మనిషి. పిట్టల పట్ల అంత నియమం ఉన్నవాడు నన్ను మోసం చేస్తాడని ఎట్లా అనుకుంటాను? చుట్టాలింటికి పోయే పిల్లకు పెట్టినట్టు నా పిట్టకు కడుపునిండా జొన్నలు పెట్టి బయలుదేరదీశాను.

గుట్ట వాలులో రేగు పొదల మధ్య మామ నా పిట్ట బుట్టను దించాడు. చుట్టూ సన్నటి దారపు ఉచ్చులు పరిచి పైన మట్టి చల్లాడు. ఇవెందుకంటే, "నక్కలు రాకుండా మే, గమ్మునుండు" అన్నాడు. నమ్మాను. ఇద్దరం పొద చాటున కూర్చున్నాం. పిలువమన్నాడు. ఈల వేశాను. నా పిట్ట కూసింది. గుట్ట పైనుంచి ఇంకో గొంతు బదులిచ్చింది. నిజంగానే చుట్టాలు పలికారని నా ఒళ్లు పులకరించింది. "ఇంకా పిలువు పాపా, ఇంకా" అని మామ చెవిలో ఊదాడు. ఈల మీద ఈల వేశాను.

పరాయి పుంజు కూత వింటే అడవి కముజు కొట్లాటకు ఉరికొస్తుందని నాకప్పుడు తెలియదు. రాళ్ల మీదుగా ఒక పుంజు పరుగున వచ్చింది, దాని వెనకే పెట్ట. రెండూ ఉచ్చుల్లో పడి రెక్కలు కొట్టుకుంటుంటే మామ లేచి వెళ్లి మెడలు విరిచాడు. నేను అరిచాను. నా పిట్ట మాత్రం ఇంకా కూస్తూనే ఉంది.

చచ్చిన పెట్టను మామ నా ఒళ్లో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. "దీమం ఎవురిదైతే వాళ్లకొక వాటా. వేట ధర్మం" అని నవ్వాడు. తన జాతిని ఉచ్చులోకి పిలిచే పెంపుడు పిట్టను మా వైపు దీమం అంటారు. పసిపిల్లలు ముద్దుగా సాకిన పిట్టకు మనిషి భయం ఉండదు, గొంతు బాగా విప్పుతుంది. అందుకే మామ దాన్ని నాకిచ్చాడు. పిట్ట మామకు దీమం, పిట్టకు నేను దీమం.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా అవ్వ తల నిమిరింది. "పిట్టకు తెల్దు మే, నీకూ తెల్దు. తెలిసి పిలిస్తేనే పాపం" అంది. బుట్ట తెరిచి నా పిట్టను తరిమేశాను. అది వాకిట్లో తిరిగి తిరిగి నా కాళ్ల దగ్గరికే వచ్చింది. మామతో మళ్లీ మాట్లాడలేదు. పాప అలిగిందని వీధిలో అందరూ ఆటపట్టించారు. వాళ్లకేం తెలుసు, నా లోపల ఏం విరిగిందో.

పెద్దయ్యాక మా వీధి అక్క ఒమన్ నుంచి ఫోన్ చేసింది. "వంటొక్కటే పని చెల్లీ, మేడమ్ బంగారం, వచ్చేయ్" అంది. ఆ గొంతు నమ్మి వచ్చాను. రుస్తాఖ్‌లో నన్ను దించిన ఇంట్లో డ్యూటీకి మొదలే తప్ప చివర లేదు. తర్వాతెప్పుడో హమ్రియా బజారులో కలిసినప్పుడు అక్క కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది, ఆ రోజు ఏజెంటు పక్కన కూర్చుని అలా మాట్లాడించాడట, లేకపోతే సెలవు ఇప్పించనన్నాడట. మామ చేసిన గాయం మళ్లీ రేగింది.

ఇప్పుడు ఒమన్‌లోనే, బౌషర్‌లో ఒక ఇంట్లో వంట చేస్తున్నాను. జుట్టు నెరిసింది. మొన్న ఆ ఏజెంటే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఊళ్లో మా తమ్ముడి కూతురికి వీడియో కాల్ కలిపి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఇక్కడ బాగుందని ఒక్క మాట చెప్పు పెద్దమ్మా. నీ సెలవు సంగతి మేడమ్‌తో నేను మాట్లాడతా" అన్నాడు. నా కూతురి కాన్పుకే పోలేకపోయాను, మనవరాలిని ఇంతవరకూ ఎత్తుకోలేదు. సెలవు అనే మాటకు గుండె లాగింది.

"అత్తా, రమ్మంటావా?" అంది ఆ పిల్ల. పిట్టకూ నాకూ ఆనాడు తెలియదు. ఇప్పుడు నాకు తెలుసు.

"రావద్దు తల్లీ. నాతో చెప్పించేటాయన పక్కనే ఉండాడు" అన్నాను. అతను ఫోన్ లాక్కున్నాడు.

ఈ ఇంటి వెనక తోటలో కూడా కముజులున్నాయి. పొద్దున్నే కూస్తాయి. ఈల నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. ఎవరినైనా రమ్మనే ముందు నా వెనక పొద చాటున ఎవరు కూర్చున్నారో చూసుకోవడం ఆ గుట్ట మీద నేర్చుకున్నదే. నా సెలవు ఇంకా రాలేదు. మనవరాలికి మాటలొచ్చాయి. అవ్వా, రా అని ఫోన్‌లో పిలుస్తోంది, దాని పక్కన ఎవరూ లేకుండానే.