తెల్లబట్ట మీద మసి

నా చిన్నప్పుడు సూరత్‌లో మా ఇల్లంటే కింద సాంచెలు, పైన మేము. కరెంటు మగ్గాలను, తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్లు సాంచెలంటారు. ఆ చప్పుడులో పెరిగినందుకేమో, నిశ్శబ్దంగా ఉంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అప్పుడు నాకు పదేళ్లు, తమ్ముడికి ఆరు. వాడికి ఉబ్బసం. వాడు ఆయాసపడుతుంటే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

తప్పంతా సాంచెల దుమ్ముదేనని మా బాపు, అంటే నాన్న, తీర్మానించాడు. నేత ఇళ్లలో ఎవరు దగ్గినా మొదటి నింద దూది మీదే పడుతుంది. అందుకని సాయంత్రం కాగానే తమ్ముడిని బయటి గాలికి తిప్పుకురమ్మని నాకు పని అప్పగించాడు. మా గల్లీ దాటితే పెద్ద రోడ్డు. హజీరా ఫ్యాక్టరీల వైపు పోయే లారీలు సిగ్నల్ దగ్గర ఆగి పొగ కక్కుతుండేవి. నాకేమో లారీల వెనక వేసిన రంగుల బొమ్మలంటే పిచ్చి. మూసిన దుకాణం మెట్ల మీద వాడిని కూర్చోబెట్టి, నేను బొమ్మలు చూసుకునేదాన్ని. "అక్కా, ఆడికి వద్దే" అని వాడు రోజూ మొండికేసేవాడు. గారాబమనుకుని చెయ్యి పట్టి లాక్కెళ్లేదాన్ని.

ఒకరోజు సిగ్నల్ పాడై బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఒక్కరూ ఇంజను ఆపలేదు. తమ్ముడు దగ్గి దగ్గి, ఉన్నట్టుండి నోరు తెరిచేశాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి. అరిచాను. ఆ హారన్లలో నా గొంతు నాకే వినబడలేదు. ఎత్తుకోబోతే జారిపోయాడు. వీడు నా చేతుల్లోనే పోతాడని అనుకున్నాను.

నూలు కండెలు చుట్టే పని ముగించుకుని అటుగా వస్తున్న పక్కింటి అక్క మమ్మల్ని చూసింది. వాడిని భుజాన వేసుకుని, వెనక గల్లీలోని డాక్టరు దగ్గరికి పరుగు తీసింది. చెప్పుల్లేకుండా ఆమె వెనకే నేను. డాక్టరు సూది వేసిన చాలాసేపటికి గానీ వాడి ఊపిరి దారిలో పడలేదు.

కబురందుకుని వచ్చిన బాపు మళ్లీ సాంచెల దుమ్మునే తిట్టసాగాడు. అక్క నడుముకు దోపుకున్న తెల్లబట్ట ముక్క తీసి, తమ్ముడి ముక్కు తుడిచి, బాపు ముందు పరిచింది. దాని నిండా మసి.

"కాకా, దూదైతే తెల్లగుండాలె గద. గీ నలుపు మన సాంచెలదా?"

బట్టలో మరకలు వెతకడమే పనిగా బతికిన మనిషి మా బాపు. ఆ ముక్కను వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దుమ్ము మంచిదంటలేను," అంది అక్క. "పోరడు ఏమంటుండో గది గూడ జర ఇను."

వాడు రోజూ వద్దంటూనే ఉన్నాడని అప్పుడు ఏడుస్తూ చెప్పాను. అది చెప్పడానికి సిగ్గుతో చచ్చిపోయాను. మరునాటి నుంచి మా తిరుగుడు తాపీ నది ఒడ్డుకు మారింది. తమ్ముడు తేరుకున్నాడు. ఇప్పుడు ఫోనులో నా మీద అరిచేంత ఊపిరి ఉంది వాడికి.

ఆ రోడ్డు మీద ఇప్పుడు వంతెన కట్టారు. పైనా బండ్లే, కిందా బండ్లే. మనవరాలిని బడికి నేనే తీసుకెళ్తాను. రోడ్డు వెంట ఐదు నిమిషాలు, గల్లీల్లోంచి పావుగంట. మేము గల్లీల్లోంచే పోతాం. ఎక్కడైనా ఆ పిల్ల నా చేతిని వెనక్కి లాగిందా, అక్కడే ఆగిపోతాను. ఎందుకని తర్వాత అడుగుతాను.