ఖాళీ బండి కమాన్లు

మా లారీకి కుదుపులు ఆపే కమాను పట్టీలు బిగించే నల్లపాడు సాయిబు గారిది చిత్రమైన పరీక్ష. నిండు టీ గ్లాసుతో లారీలో కూర్చుని, గతుకుల్లో తిప్పమనేవారు.

మిర్చి బస్తాలు ఎక్కువ వేయాలని మా ఆయన అదనంగా రెండు పట్టీలు వేయించారు. బస్తాల కోసం ఖాళీగా వెళ్లే ఆ లారీలోనే నేను కాన్పుకు సత్తెనపల్లిలోని పుట్టింటికి వెళ్లాలి.

పరీక్షలో టీ అంతా సాయిబు గారి చొక్కా మీదే ఒలికింది.

“బస్తాలకి బానే ఉందయ్యా. ఖాళీ బండిలో అమ్మాయి బంతిలా ఎగరదూ?”

“మరి బరువో?” అన్నారు మా ఆయన.

“ఇవి తీసేసి, బరువు పడితేనే అందుకునేలా పైన వేరే పట్టీల కట్ట వేస్తా. పనిలేనప్పుడు ఊరుకుంటది, నీలా కాదు!”

రెండోసారి చుక్క ఒలకలేదు.

గతుకులకు భయపడి దారంతా రామనామం జపించుకుందామనుకున్నాను. సాయిబు గారి పుణ్యమా అని, పేరేచర్ల రాకముందే నిద్రపట్టేసింది.